కట్నం ఇచ్చాం కాబట్టి పొలంలో వాటా లేదంటే? ఆడపిల్ల హక్కు, నాన్న వీలునామా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నాన్నగారు 2023లో పోయారు. ఊళ్లో తాతగారి నాటి నాలుగున్నర ఎకరాల మాగాణి, నాన్నగారు సొంతంగా కొన్న ఒక ఎకరం, అమ్మ పేరున ఉన్న డాబా ఇల్లు, అన్నయ్య నామినీగా ఉన్న ఒక ఎఫ్‌డీ ఉన్నాయి. పెద్దకర్మ అయిన కొన్నాళ్లకు అన్నయ్య తెల్లకాగితం మీద రాసిన వీలునామా చూపించి ఆస్తంతా తనదే అన్నారు. అది రిజిస్టర్ కాలేదు. 1996లో మీ పెళ్లికి కట్నం, పసుపు కుంకుమ ఇచ్చారు కాబట్టి ఇంకేమీ రాదంటున్నారు. ఇప్పుడు వంద రూపాయల స్టాంపు కాగితం మీద "నాకు ఏ హక్కూ లేదు" అని సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా, వద్దా? అసలు మీకు వాటా ఉందా?

సంతకం పెట్టకండి. కట్నం తీసుకుంటే ఆడపిల్ల వాటా పోతుందని ఏ చట్టంలోనూ లేదు. తాతగారి పొలం ఉమ్మడి ఆస్తి అయితే అందులో మీకు పుట్టుకతో వచ్చిన వాటా ఉంది. వీలునామా నిజమైనదే అయినా దాన్ని తాకలేదు. నాన్నగారు కొన్న ఎకరం మాత్రం వీలునామా నిలబడితే అన్నయ్యకు పోతుంది, నిలబడకపోతే మీకు మూడో వంతు వస్తుంది. ఇల్లు అమ్మ పేరున రిజిస్టర్ అయి ఉంటే అమ్మదే. ఆవిడ ఉండగా అందులో మీకూ మీ అన్నయ్యకూ ఏ హక్కూ లేదు.

నేను తెనాలి, గుంటూరు కోర్టుల్లో చాలా ఏళ్లుగా సివిల్ కేసులే చూస్తున్నాను. పార్టిషన్ దావా (ఆస్తి పంచమని కోరే కేసు) కోసం వచ్చేవాళ్లు మొదట అడిగేది "ఆడపిల్లకు హక్కుందా సార్?" అనే. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఆ పొలం మీ నాన్నగారి చేతికి ఎలా వచ్చింది? కేసు సగం ఆ జవాబుతోనే తేలిపోతుంది.

"తాతల నాటి ఆస్తి" అని ఊళ్లో అందరూ అంటారు. కోర్టుకు ఆ మాట చాలదు. మీ తాతగారికి అది ఆయన తండ్రి నుంచి వచ్చి, తర్వాత తాతగారు, కొడుకులు పంచుకోగా మీ నాన్నగారి వాటాకు వచ్చిందనుకోండి. అప్పుడది నాన్నగారి చేతిలో కూడా పిల్లలతో కలిపి ఉమ్మడి ఆస్తే. అలా కాక తాతగారు సొంత డబ్బుతో కొని, 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా లేకుండా పోయారనుకోండి. అప్పుడు నాన్నగారికి వచ్చిన వాటా ఆయన సొంత ఆస్తి అవుతుంది. అందులో మీ అన్నయ్యకు కూడా పుట్టుకతో హక్కు ఉండదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది ఇదే. తాత ఆస్తి మనవడిదే అని ఊళ్లల్లో ఎంత గట్టిగా నమ్ముతారో, అంత గట్టిగా ఇది వాళ్లకు తెలియదు. తాతగారు వీలునామాగానో గిఫ్టుగానో నాన్నగారికి ఇచ్చి ఉంటే ఆ కాగితంలోని మాటలను బట్టి ఉంటుంది. మామూలుగా అది కూడా సొంత ఆస్తి కిందికే వస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో అక్కాతమ్ముళ్లు ఇద్దరూ పొలం పిత్రార్జితమనే అనుకుంటూ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికిస్తే, ఆ సర్వే నంబరు తాతగారు 1960లలో క్రయ దస్తావేజు మీద కొన్నదని బయటపడింది. దాంతో దావా మొత్తం తిరగబడి, అంతా వీలునామా నిలుస్తుందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీదికి వచ్చింది. ఉమ్మడి ఆస్తి అని చెప్పేవాళ్లే దాన్ని రుజువు చేయాలి. మీ కేసులో ఆ భారం మీది.

మీరు ప్రశ్నలో ఒక చోట "పెద్దనాన్న, నాన్న పంచుకున్నప్పుడు వచ్చిన పొలం" అని రాశారు. అది పారీఖత్తు (పంపకాల దస్తావేజు) ద్వారా వచ్చిందని, తాతగారికి కూడా వాళ్ల నాన్నగారి నుంచే వచ్చిందని అనుకుని లెక్క చెబుతాను. నాన్న, అన్నయ్య, మీరు ముగ్గురూ సమాన వాటాదారులు. అంటే నాలుగున్నర ఎకరాల్లో తలా ఎకరంన్నర. మన వైపు తండ్రీ పిల్లలు పంచుకునేటప్పుడు భార్యకు విడిగా వాటా వేసే ఆచారం లేదు కాబట్టి ఈ దశలో అమ్మకు లేదు. నాన్నగారి ఎకరంన్నర మాత్రం ఆయన తర్వాత అమ్మకు, అన్నయ్యకు, మీకు సమానంగా, తలా 50 సెంట్లు వస్తుంది. మొత్తం మీద మీకు రెండెకరాలు, అన్నయ్యకు రెండెకరాలు, అమ్మకు 50 సెంట్లు. వీలునామా నిలబడిందే అనుకోండి, అది నాన్నగారి ఎకరంన్నరకే వర్తిస్తుంది. అప్పుడు అన్నయ్యకు మూడు ఎకరాలు, మీకు ఎకరంన్నర. అమ్మకు ఏమీ రాదు. (మీ నాయనమ్మ నాన్నగారి కంటే తర్వాత పోయి ఉన్నా, ఇప్పటికీ ఉన్నా చెప్పండి. కొడుకు ఆస్తిలో తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. చాలామంది ఆ వాటా లెక్కలోనే వేయరు.)

ఇక తేదీల సంగతి. 2005 సెప్టెంబర్ 9న వచ్చిన కేంద్ర సవరణతో కూతురు కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతో వాటాదారు అయింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవ చాలాకాలం నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీం కోర్టు ఉండనక్కర్లేదని తేల్చేసింది. మీ నాన్నగారు 2023 దాకా ఉన్నారు కాబట్టి మీకు ఆ చర్చే లేదు. మీ కేసులో ఇంకో బలం కూడా ఉంది. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజుకి పెళ్లికాని ఆడపిల్లలందరికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. మీ పెళ్లి 1996లో. అంటే దేశమంతటికీ చట్టం మారడానికి ఇరవై ఏళ్ల ముందే మీరు వాటాదారు అయ్యారు.

ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగిపోయిన పంపకాలను కేంద్ర సవరణ కదపదు. అందుకే ఇలాంటి కేసుల్లో ప్రతివాదులు "నాన్న, నేను ఎప్పుడో పంచుకున్నాం" అంటూ ఒక పాత కాగితం తీస్తారు. నోటిమాట పంపకం అంటే కోర్టు అంత తేలిగ్గా నమ్మదు, ప్రభుత్వ రికార్డుల్లో దాని జాడ ఉండాలి. ఒకవేళ 1990లలో రిజిస్టర్ చేసిన పంపకమే చూపించినా, అప్పటికే రాష్ట్ర చట్టం ప్రకారం వాటాదారైన మిమ్మల్ని పక్కన పెట్టి చేశారు కాబట్టి దాన్ని మీరు ప్రశ్నించవచ్చు. మీ పెళ్లి శుభలేఖ జాగ్రత్త చేయండి. ఇలాంటి దావాల్లో పసుపు అంటిన పాత శుభలేఖను ఎగ్జిబిట్‌గా మార్క్ చేయించాల్సి వస్తుంది, తేదీకి అంతకంటే సులభమైన సాక్ష్యం దొరకదు.

వీలునామా దగ్గరికి వద్దాం. రిజిస్టర్ కాలేదు కాబట్టి చెల్లదని మీకెవరో చెప్పారన్నారు. అది తప్పు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు. రిజిస్టర్ అయినంత మాత్రాన ఎదురులేదని కూడా అనుకోవద్దు. కావాల్సింది ఇద్దరు సాక్షులు. రాసినాయన సంతకం పెడుతుండగా ఆ ఇద్దరూ చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోట విని ఉండాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే వాళ్లు సంతకాలు పెట్టి ఉండాలి. కోర్టులో వీలునామాను రుజువు చేయాల్సింది దాన్ని చూపిస్తున్న మీ అన్నయ్యే. సాక్షుల్లో ఒకరైనా బతికి ఉండి, రాగలిగిన స్థితిలో ఉంటే ఆయన్ని బోను ఎక్కించి తీరాలి. పాత సాక్ష్యాధార చట్టంలో 68వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 67వ సెక్షన్ అయింది.

ఈ సాక్షి దగ్గరే వీలునామాలు కూలిపోతుంటాయి. నేను చూసిన ఒక కేసులో సంతకం నిజమైనదే, చేతిరాత కూడా అనుమానించేలా లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి సాక్షి "కాగితం వాళ్లబ్బాయి మా ఇంటికి తెచ్చాడు, పెద్దాయన అప్పటికే సంతకం పెట్టేశారు, నేను అరుగు మీద కూర్చుని పెట్టాను" అన్నాడు. పెద్దాయన అప్పుడు ఎక్కడున్నారని అడిగితే ఆసుపత్రిలో అన్నాడు. రెండో సాక్షి చెప్పిందీ దాదాపు అదే. ఆ పెద్దాయన మనసులో నిజంగానే ఆ కొడుక్కి ఇవ్వాలని ఉండి ఉండవచ్చు. కానీ చట్టం అడిగిన పద్ధతిలో సాక్షి సంతకం పడలేదు, వీలునామా పోయింది.

మీరు చూసిన కాగితం గురించి "కింద సంతకం దగ్గరికి వచ్చేసరికి లైన్లు ఇరుకిరుగ్గా ఉన్నాయి" అని రాశారు. అది మంచి పరిశీలన. ముందే సంతకం ఉన్న ఖాళీ కాగితం మీద తర్వాత రాసినప్పుడు, రాసేవాడు ఉన్న జాగాలో సరిపెట్టడానికి ఆఖరి లైన్లు దగ్గరదగ్గరగా కుదిస్తాడు. సహకార సంఘంలో అప్పు కోసమో ఇంకో పనికో ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇచ్చే అలవాటు మన రైతుల్లో ఉంది. అయితే ఇది ఒక్కటే చాలదు. 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీం కోర్టు ఒక సూత్రం చెప్పింది. ఇప్పటికీ కోర్టులు దాన్నే పట్టుకుని నడుస్తాయి: అనుమానాస్పద పరిస్థితులు ఉంటే వాటిని తొలగించాల్సిన బాధ్యత వీలునామా చూపించేవాడిదే. కూతురికి ఇవ్వకపోవడం ఒక్కటే అనుమానాస్పదం కాదు, వారసుల్లో ఎవరినో ఒకరిని తప్పించడానికే చాలామంది వీలునామా రాస్తారు. కానీ కట్టుకున్న భార్యకు తిండిగింజల ఏర్పాటు కూడా లేకుండా మొత్తం కొడుక్కే రాయడం, లాభం పొందేవాడే దగ్గరుండి రాయించడం, ఇద్దరు సాక్షులూ అతని వైపువాళ్లే కావడం, పోయిన చాలాకాలానికి కాగితం బయటికి రావడం, అప్పటికి పెద్దాయన మంచాన ఉండటం — ఇవన్నీ ఒకచోట చేరితే జడ్జి జాగ్రత్తగా చూస్తారు.

అందుకని ఇప్పుడే చేయాల్సింది: ఆ కాగితం రెండు వైపులా ఫోటో సంపాదించండి. అందులోని తేదీకి అటూ ఇటూ నాన్నగారు పెట్టిన అసలు సంతకాలు బ్యాంకులో, సొసైటీలో, పాత దస్తావేజుల్లో ఎక్కడున్నాయో రాసి పెట్టుకోండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు పారేయకండి. చేతిరాత నిపుణుడి రిపోర్టు పనికొస్తుంది గానీ అది అభిప్రాయం మాత్రమే, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. మన రాష్ట్రాల్లో హిందువుల వీలునామాకు ప్రొబేట్ (కోర్టు ధ్రువీకరణ) అవసరం పడదు కాబట్టి ఈ పోరాటమంతా మీ పార్టిషన్ దావాలోనే జరుగుతుంది.

స్టాంపు కాగితం సంతకం ఎందుకు వద్దన్నానో చెప్పాలి. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు కావాలి. వంద రూపాయల కాగితంతో మీ హక్కు చట్టప్రకారం పోదు. కానీ పదేళ్ల తర్వాత అదే కాగితాన్ని "అప్పట్లోనే కుటుంబమంతా మాట్లాడుకుని సర్దుకున్నాం, ఇది దాని జ్ఞాపకం" అంటూ తెస్తారు. ఇంతకుముందే జరిగిపోయిన కుటుంబ ఏర్పాటును కాగితం మీద రాసుకుంటే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని తీర్పులున్నాయి. అప్పుడు మీరు బోనులో నిలబడి ఆ సంతకం ఎందుకు పెట్టారో చెప్పుకోవాలి. పెళ్లిలోనో, తద్దినం రోజునో, ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు పెన్ను చేతిలో పెడతారు. "చదివి చెబుతాను అన్నయ్యా" అని ఇంటికి తెచ్చుకోండి.

మీ పసుపు కుంకుమ సంగతి అడిగారు. పెళ్లిలో పొలం ఇస్తున్నామని నోటిమాటగా చెప్పి, దస్తావేజు లేకుండా ఉంటే అది మీ పేరున బదిలీ అయిందని రుజువు చేయడం కష్టం. నగలు, నగదు అయితే అవి మీవి, వాటిని పొలం వాటాలో కోయడానికి వీల్లేదు.

ఎఫ్‌డీ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నామినీ బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, సొంతదారు కాడు. వీలునామా నిలబడకపోతే ఆ డబ్బులో అమ్మకు, మీకు కూడా సమాన వాటా ఉంది. దావాలో దాన్ని కూడా చేర్చండి.

కోర్టుకు వెళ్లే ముందు కాగితాలు. మీసేవలోనో ఆన్‌లైన్‌లోనో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తే 1983 నుంచే కనిపిస్తుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి. పారీఖత్తు సర్టిఫైడ్ కాపీ, నాన్నగారు ఎకరం కొన్న దస్తావేజు కాపీ, తహసీల్దార్ ఆఫీసు నుంచి పాత అడంగల్ (సాగు వివరాల రికార్డు) నకళ్లు, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), నాన్నగారి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికేట్ తీసుకోండి. ఇవి చేతిలో లేకుండా దావా వేస్తే మధ్యలో సర్వే నంబర్లు సవరించుకోవడంతోనే కాలం గడిచిపోతుంది.

అన్నయ్య ఇప్పటికే మ్యుటేషన్‌కు, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పుకు, పెట్టి ఉండవచ్చు. తహసీల్దార్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి. పాస్ పుస్తకంలో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్యం రాదు, కానీ ఆ పుస్తకంతో అప్పు తేవచ్చు, అమ్మనూవచ్చు. అమ్మకం భయం ఉంటే దావాతో పాటే, పొలాన్ని ఇతరుల పరం చేయకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) కోరండి. దావా పెండింగ్‌లో ఉండగా ఎవరైనా కొన్నా, తీర్పుకు కట్టుబడే కొన్నట్టు.

దావాలో ఉమ్మడి ఆస్తులన్నీ, వాటాదారులందరూ ఉండాలి. అమ్మను కూడా పార్టీ చేయాల్సిందే. ఆవిడ మీద కేసు వేసినట్టు అనిపించి చాలామంది వెనకాడతారు. అది వాటా తేల్చడానికి పిలవడమే. కోర్టు ఫీజు విషయంలో ఒక జాగ్రత్త: ఉమ్మడి స్వాధీనంలో ఉన్న వాటాదారుగా దావా వేస్తే ఫీజు తక్కువ, స్వాధీనం నుంచి గెంటేశారని రాస్తే వాటా విలువను బట్టి కట్టాలి. సహవాటాదారు ఒకరు దున్నుతున్నా అది అందరి తరఫునా ఉన్న స్వాధీనమే. ప్లెయింటు (దావా పత్రం)లో ఆవేశంగా "నన్ను వెళ్లగొట్టారు" అని రాయించేముందు ఇది మీ లాయరుగారితో మాట్లాడండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

గడువు మాటకొస్తే, ఉమ్మడి ఆస్తి నుంచి మిమ్మల్ని తప్పించారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లు. చాలా టైముందని కూర్చోకండి. సాక్షులు ముసలివాళ్లు, కాగితాలు చెదలు పడతాయి.

దావా ఎన్నాళ్లు పడుతుందో నిజం చెప్పాలి. మొదట వచ్చేది ప్రాథమిక డిక్రీ, ఎవరి వాటా ఎంతో తేలుస్తుంది. తర్వాత ఫైనల్ డిక్రీ పిటిషన్ వేస్తే అడ్వకేట్ కమిషనర్, సర్వేయర్ పొలంలోకి వచ్చి హద్దులు వేస్తారు. అసలు తగువు అక్కడ మళ్లీ మొదలవుతుంది: డొంక వైపు ముక్క ఎవరికి, బోరు ఎవరి గట్టులో పడుతుంది, కాలవ నీళ్లు ముందు ఎవరి మడికి. అందుకే రాజీకి అవకాశం ఉంటే వదులుకోవద్దని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. దావా వేశాక లోక్ అదాలత్‌లో రాజీ పడితే కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. ఒక అక్కాతమ్ముళ్ల కేసులో అక్క కొంచెం తక్కువ విస్తీర్ణానికి ఒప్పుకుని బోరు ఉన్న వైపు తీసుకుంది. తమ్ముడు రోడ్డు వైపు తీసుకున్నాడు. కొలతల నక్షా గీసి అవార్డుకు జత చేయించాం. రాజీ అంటే అలా హద్దులతో సహా రాయాలి, "తర్వాత చూసుకుందాం" అని ఒక్క అంశం కూడా మిగల్చకూడదు.

అమ్మగారి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, అన్నయ్య దగ్గరే ఉంటున్నారని. ఆవిడ చేత ఇల్లు అన్నయ్య పేరున గిఫ్ట్ రాయించే ప్రయత్నం జరగవచ్చు. అది ఆవిడ ఇష్టం, ఆపే హక్కు మీకు లేదు. కానీ రాస్తే మాత్రం "నన్ను బతికినంతకాలం చూసుకోవాలి, ఈ ఇంట్లోనే ఉంటాను" అన్న షరతు దస్తావేజులోనే రాయించమని చెప్పండి. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, షరతు తప్పితే ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్ ఆ గిఫ్టును రద్దు చేయగలదు. షరతు కాగితంలో లేకపోతే ముసలితనంలో ఆవిడే దాన్ని రుజువు చేసుకుంటూ తిరగాలి. పొలంలో ఆవిడ 50 సెంట్ల మాట కూడా ఆవిడతో చెప్పండి, ఆ వాటా ఉందని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు.

పారీఖత్తు కాపీ దొరికాక, అది ఏ సంవత్సరానిది, అందులో ఆస్తి "పిత్రార్జితం" అని ఉందా "స్వార్జితం" అని ఉందా, ఈ రెండూ ఇక్కడే రాయండి. నా లెక్క మార్చాల్సి వస్తే అప్పుడు మార్చి చెబుతాను. సర్వే నంబర్లు, పేర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి.